పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది?

పల్నాడు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు 34. పదిహేడో ఏట పెళ్లయింది. ఇరవై ఒకటి నిండేసరికి ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పాప ఇప్పుడు పదో తరగతి, బాబు ఎనిమిది. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్తారు, ఎకరంన్నర కౌలుకు చేసుకుంటారు.

ఏడాదిన్నరగా నెలసరి అంటేనే భయమేస్తోందని రాశారు. ఏడెనిమిది రోజులు పోతోంది. మొదటి మూడు రోజులైతే గంటన్నరకో ప్యాడ్ మార్చాల్సిందే, రూపాయి బిళ్ళ కన్నా పెద్ద గడ్డలు పడుతున్నాయి. పొలానికి వెళ్లాల్సిన రోజు రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుని, పైన పాత చీర ముక్క కట్టుకుని వెళ్తున్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మధ్య రోజుల్లో తెల్లబట్ట, నడుం నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లారు. నెలసరి మొదలైన పదమూడో రోజున స్కానింగ్ చేశారు. గర్భసంచి పొడవు 9.2 సెంటీమీటర్లు, 'బల్కీ' అని రాశారు. వెనక గోడ కండలో 3 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ, లోపలి పొర మందం 9 మిల్లీమీటర్లు, కుడి అండాశయంలో 2.3 సెంటీమీటర్ల నీటి తిత్తి. హిమోగ్లోబిన్ 8.4.

రిపోర్టు చూసిన డాక్టరు, "గర్భసంచి వాచింది, గడ్డ ఉంది, అండాశయంలో నీటిబుడగ ఉంది, మూతికి పుండు కూడా పడింది. ఉంచితే క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. ఎలాగూ పిల్లలయ్యారు కదా, మొత్తం తీసేద్దాం" అన్నారట. 45 వేలు అవుతుందన్నారు. భర్త నూటికి మూడు రూపాయల వడ్డీకైనా తెస్తానన్నారు. సంక్రాంతిలోపు చేయించుకుంటే మిర్చి కోతలకు అందుకోవచ్చని ఇంట్లో లెక్క. అత్తగారు "పిల్లలయ్యాక దాంతో పనేముంది? నేనూ తీయించుకున్నా, హాయిగా ఉన్నా" అంటున్నారు. తోడికోడలు మాత్రం 29 ఏళ్లకే తీయించుకుని, ఇప్పుడు 35 ఏళ్లకే ఒంట్లో ఆవిర్లు, మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడంతో బాధపడుతోంది. ఒకే ఇంట్లో ఒకరు హాయిగా ఉన్నారు, ఒకరు నీరసపడిపోయారు, ఎవరి మాట నమ్మాలి అన్నది ఈమె సందేహం. ఉత్తరం చివర సిగ్గుపడుతూనే మరికొన్ని అడిగారు: ఇదంతా ఆ పిల్లల ఆపరేషన్ వల్లే వచ్చిందా? గర్భసంచి తీసేస్తే నెలనెలా పోవాల్సిన చెడు రక్తం లోపలే పేరుకుపోతుందా? కాపురం మునుపటిలా ఉంటుందా?

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు ఉత్తరంలో రాసిన వివరాల్లో ఈ వారమే పరుగెత్తి ఆపరేషన్ చేయించుకోవాల్సినది ఏదీ కనబడలేదు. వెంటనే చూడాల్సింది మాత్రం ఒకటుంది, అది మీ హిమోగ్లోబిన్. దాని సంగతి తర్వాత చెబుతాను. మిమ్మల్ని చూడకుండా, పరీక్ష చేయకుండా "తీయించుకోండి" అనో "వద్దు" అనో నేను చెప్పకూడదు. కానీ ఏ అవయవానికి ఏమైందని చెప్తున్నారో, అందులో ఏది జబ్బో ఏది కాదో మీకు తెలిస్తే, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు తలూపి రావడం కాకుండా నాలుగు ప్రశ్నలు అడగగలుగుతారు.

మీ అత్తగారి మాటా, తోడికోడలి బాధా రెండూ నిజమే. ఇద్దరికీ జరిగింది ఒకే ఆపరేషన్ అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

పొత్తికడుపులో మూత్రాశయానికి వెనక, పెద్దపేగు చివరి భాగానికి ముందు గర్భసంచి ఉంటుంది, తలకిందులు చేసిన జామకాయలా. పిల్లలు పుట్టనివారిలో పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, బరువు దాదాపు 60 గ్రాములు. నిండు నెలలకు అదే కిలో దాకా పెరిగి, కాన్పయ్యాక మళ్లీ కుదించుకుంటుంది. కుదించుకున్నా ముందున్నంత చిన్నది కాదు. దాని గోడంతా మందమైన కండ, లోపల మెత్తని పొర. కింద సన్నగా ఉండే భాగం ముఖద్వారం, మీ డాక్టరు 'మూతి' అన్నది దాన్నే. పైన రెండు పక్కలా పది సెంటీమీటర్ల పొడవున రెండు ట్యూబులు. వాటి చివర్ల దగ్గర, గర్భసంచికి ఆనుకోకుండా కాస్త ఎడంగా, మూడు సెంటీమీటర్ల సైజులో రెండు అండాశయాలు. 'గర్భసంచి ఆపరేషన్' అని మనం ఒకే మాటగా అనేస్తాం గానీ ఇన్ని భాగాల్లో ఏవి తీశారు, ఏవి ఉంచారు అన్నదాన్నిబట్టి ఆ తర్వాతి జీవితం మారిపోతుంది.

గర్భసంచి పని బిడ్డను మోయడం. పిల్లలు చాలనుకున్నాక ఆ పని అయిపోయిందన్న మాటలో కొంత నిజం ఉంది. అండాశయాల సంగతి అలా కాదు. నెలకో అండాన్ని విడుదల చేయడం వాటి పనుల్లో ఒకటి మాత్రమే. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు తయారయ్యేది అక్కడే. ఎముకల గట్టిదనం, గుండె రక్తనాళాలు, నిద్ర, చర్మం, యోనిలో తడి, మనసు నిలకడ ఇవన్నీ ఆ హార్మోన్ల మీద ఆధారపడి ఉంటాయి. మన దేశంలో ముట్లుడిగేది సగటున 46, 47 ఏళ్ల దగ్గర. అంటే మీ అండాశయాలకు ఇంకా పన్నెండేళ్ల దాకా పని ఉంది.

మీ అత్తగారికి ఏ వయసులో చేశారో మీరు రాయలేదు. నలభై అయిదు దాటాక చేసి ఉంటే, అప్పటికే అండాశయాలు విశ్రాంతికి దగ్గర పడి ఉంటాయి కనుక ఆమెకు పెద్ద తేడా తెలిసి ఉండదు. గర్భసంచి జారిందనో, ఏళ్ల తరబడి రక్తం పోయిందనో తీయించుకున్నవారు నిజంగానే హాయిగా ఉంటారు. మీ తోడికోడలి లక్షణాలు చూస్తే ఆమెకు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసి ఉంటారని అనుమానం. ఆమె డిశ్చార్జి కాగితం ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతకండి. అందులో 'టీఏహెచ్' (అంటే కడుపు కోసి గర్భసంచి తీయడం) పక్కన 'బీఎస్ఓ' అని ఇంగ్లిష్ అక్షరాలు ఉంటే, రెండు పక్కలా ట్యూబులు, అండాశయాలు తీసేశారని అర్థం. అదే నిజమైతే ఆమెకు 29 ఏళ్లకే ఒక్క రోజులో ముట్లుడిగినట్టు. అది వయసు నొప్పులని వదిలేయకూడదు. అలాంటివారికి హార్మోన్ మాత్రలో జెల్లో, వాడకూడని కారణాలేవీ లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఇస్తారు. ఎముకల పరీక్ష, క్యాల్షియం, విటమిన్ డి కూడా చూడాలి. మీతో పాటు ఆమెనూ డాక్టరుకు చూపించండి.

ఇక మీ రిపోర్టు.

'బల్కీ' అంటే కాస్త పెద్దగా ఉందని. ఇద్దరు పిల్లల తల్లికి 9.2 సెంటీమీటర్లు చాలామందిలో చూసేదే. వాచిపోయిందని దిగులుపడేంత కాదు. ఒక్కోసారి లోపలి పొర కండలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ అనే ఇబ్బంది వల్ల కూడా గర్భసంచి పెద్దదవుతుంది. అప్పుడు రక్తం ఎక్కువ పోవడంతో పాటు నెలసరిలో మెలిపెట్టే నొప్పి ఉంటుంది. మీరు నొప్పి గురించి పెద్దగా రాయలేదు. ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఫైబ్రాయిడ్ అనేది కండలో పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు. అది క్యాన్సరుగా ఉండటం అత్యంత అరుదు. ఎంతోమంది ఆడవాళ్లకు అవి ఉన్నాయనే తెలియదు, ముట్లుడిగాక వాటంతటవే చిన్నబడతాయి. ఇక్కడ సైజు కన్నా అది ఉన్న చోటే ముఖ్యం. లోపలి పొరలోకి పొడుచుకొస్తే ఒక సెంటీమీటరు గడ్డ కూడా రక్తం ధారగా పోయేట్టు చేస్తుంది. బయటి వైపు పెరిగితే ఆరు సెంటీమీటర్లున్నా నెలసరిలో తేడా ఉండకపోవచ్చు. మీది వెనక గోడ కండలో 3 సెంటీమీటర్లు. అది లోపలి పొరను నొక్కుతోందా లేదా అన్నది రిపోర్టులో లేదు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో అది స్పష్టంగా తెలుస్తుంది. మీకు వైద్యం నిర్ణయించడానికి కావలసిన సమాచారంలో సగం అదే.

లోపలి పొర 9 మిల్లీమీటర్లు. నెలసరి వస్తున్న మనిషికి, అదీ పదమూడో రోజున, ఇది మామూలు కొలత.

అండాశయంలో నీటి తిత్తి సంగతి చదివి నాకు కాస్త చిరాకేసింది. మీ మీద కాదు. నెలనెలా అండం పెరిగేది నీరు నిండిన చిన్న తిత్తిలోనే. అది రెండు, రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరిగి, నెల మధ్యలో పగిలి అండం బయటికొస్తుంది. మీకు పదమూడో రోజున స్కానింగ్ చేశారు, 2.3 సెంటీమీటర్ల తిత్తి కనిపించింది. అది ఆ నెల అండమే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. అండాశయం తన పని తాను చేసుకుంటోందని దానర్థం, జబ్బని కాదు. సందేహం ఉంటే వచ్చే నెలసరి ఆగిన వెంటనే మళ్లీ స్కానింగ్ చేయిస్తే సరి. మాయమైపోయి ఉంటే ఆ తిత్తి సంగతి ఇక మర్చిపోవచ్చు.

మూతికి పుండు అన్నారు కదా, ఈ మాట విని బెదిరిపోయి ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎందరో. పిల్లల్ని కన్న వయసులో చాలామందికి ముఖద్వారం లోపలి వైపు ఉండే ఎర్రని మెత్తటి పొర కాస్త బయటికి వచ్చి కనిపిస్తుంది. చూడ్డానికి పుండులా ఉంటుంది, దానివల్ల తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావచ్చు. అది పుండూ కాదు, క్యాన్సరుకు మొదటి మెట్టూ కాదు. ఒక్కోసారి ఇన్ఫెక్షన్ ఉంటుంది, మందులతో తగ్గుతుంది. ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠ వేస్తేనే వస్తుంది. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవారిలో అందుకు 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కంటితో చూసి "క్యాన్సర్ అవుతుంది" అని చెప్పేది కాదు, పరీక్ష చేయాలి. ముఖద్వారం నుంచి కాసిని కణాలు తీసి చూసే పాప్ స్మియర్ కానీ హెచ్‌పీవీ పరీక్ష కానీ చేయించుకోండి. అవి దొరక్కపోతే ముఖద్వారానికి పలుచటి అసిటిక్ యాసిడ్ పూసి తెల్లబడుతుందేమో చూసే వీఐఏ పరీక్ష ఉంది. ముప్పై దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అది ఉచితంగా చేయాలని జాతీయ కార్యక్రమమే ఉంది, మీ ఊరి ఏఎన్‌ఎంను అడగండి. ఒకవేళ క్యాన్సరుకు ముందటి మార్పులు కనిపించినా, ఆ కాస్త భాగాన్ని గడ్డకట్టించే చలితోనో వేడితోనో పోగొట్టడం, లేదా అంతవరకే కోసి తీయడం ఉంటుంది. గర్భసంచి మొత్తం తీయాల్సిన పని సాధారణంగా పడదు. కలిసిన తర్వాత రక్తం కనబడుతోందా, తెల్లబట్టలో చెడు వాసన ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే ఆ పరీక్ష ఇంకా త్వరగా చేయించాలి.

ఇదంతా చదివి "అయితే నాకేం లేదా?" అనుకోకండి. ఉంది. మీకు రక్తస్రావం ఎక్కువవుతున్న మాట నిజం. మామూలు నెలసరిలో మొత్తం మీద పోయేది 30, 40 మిల్లీలీటర్లు. ఎనభై దాటితే ఎక్కువని లెక్క. గంటన్నరకో ప్యాడ్, పెద్ద గడ్డలు అంటే మీకు అంతకు మించే పోతోంది. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 8.4 కు పడిపోయింది. ఆయాసం దానివల్లే. పాత చీర ముక్కలు కట్టుకుని ఎండలో పని చేస్తున్నారంటే మీ ఓర్పుకు దండం పెట్టాలి, కానీ ఇంకా ఓర్చుకోమని నేననను.

మీ ప్రశ్నలకు వస్తాను. పిల్లల ఆపరేషన్‌లో ట్యూబులను మాత్రమే కట్టి కత్తిరిస్తారు. గర్భసంచినీ అండాశయాలనూ ముట్టుకోరు. అండం ఆ తర్వాత కూడా నెలనెలా విడుదలవుతుంది, మిల్లీమీటరులో పదో వంతు ఉండే ఆ అండం కడుపులోనే కరిగిపోతుంది. పదమూడేళ్ల కిందట చేసిన ఆ ఆపరేషన్ వల్ల ఇప్పుడు రక్తం ఎక్కువ పోతోందనడానికి ఆధారం లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి సంతానం కనే వయసున్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. కాబట్టి ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అంతకుముందు ఆ ఆపరేషన్ జరిగే ఉంటుంది, నింద దాని మీదికి పోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ ఆపరేషన్ తర్వాత కూడా అరుదుగా గర్భం రావచ్చు, అది ట్యూబులో నిలిచే ప్రమాదం ఉంది. నెల తప్పి, ఆ తర్వాత రక్తం కనబడి, పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

చెడు రక్తం అనేది లేదమ్మా. అండం పెరిగేటప్పుడు ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను మందంగా చేస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ ఆ పొరను బిడ్డ కోసం సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ పడిపోతాయి, పొర ఊడి కాస్త రక్తంతో బయటికొస్తుంది. ఆ రక్తం మీ చేతి నరంలో తిరిగే రక్తమే. గర్భసంచి తీసేస్తే పొరే ఉండదు, ఇక పోవడానికీ పేరుకోవడానికీ ఏమీ లేదు.

కాపురం సంగతి. గర్భసంచి తీసినా యోని మార్గం అలాగే ఉంటుంది, పైచివర కుట్టేస్తారు. అండాశయాలు ఉంచితే కోరికలోనూ తడిలోనూ సాధారణంగా పెద్ద మార్పు రాదు. ఏడాదంతా రక్తంతో విసిగిపోయినవారిలో ఆపరేషన్ తర్వాతే బాగుందని చెప్పినవాళ్లున్నారు. అండాశయాలు కూడా పోతే పొడిబారడం, నొప్పి వస్తాయి, వాటికి మందులున్నాయి. ఆడతనం ఏ సంచిలోనూ లేదని మీ ఆయనకూ తెలిసే ఉంటుంది, అయినా ఆయన్ని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. ఈ మాట ఆయన మీ నోట కాక డాక్టరు నోట వినడమే మేలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఏ దారి పట్టినా ముందు రక్తహీనత సరిచేయాలి. 8.4 హిమోగ్లోబిన్‌తో తొందరలేని ఆపరేషన్ చేయడం కూడా మంచిది కాదు. ఐరన్ మాత్ర తిన్న వెంటనే టీ తాగితే మాత్ర వృథా. నిమ్మరసంతో వేసుకోండి. మాత్రలు పడకపోతే, లేదా త్వరగా పెరగాలంటే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇస్తారు. దాంతో పాటు థైరాయిడ్, షుగర్ పరీక్షలు, మూత్రంతో గర్భం ఉందో లేదో చూసే పరీక్ష చేయించాలి. థైరాయిడ్ తక్కువైనా నెలసరి ఎక్కువవుతుంది. థైరాయిడ్ మాత్రతో సరిపోయేదానికి గర్భసంచి పోగొట్టుకున్నవారు లేకపోలేదు.

మొదటి దారి మందులు. ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు రక్తం ఎక్కువ పోయే మూడు నాలుగు రోజులే వాడతారు, రక్తస్రావం సగం దాకా తగ్గించగలవు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే మాత్రం వాడకూడదు. నొప్పి కూడా ఉంటే మెఫెనమిక్ యాసిడ్ కలుపుతారు. హార్మోన్ మాత్రలున్నాయి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన ఒర్మెలాక్సిఫెన్ కూడా ఉంది, ప్రభుత్వం 'ఛాయా' పేరుతో గర్భనిరోధానికి ఇచ్చే మాత్ర అదే. ఎక్కువ రక్తస్రావానికీ వారానికి రెండుసార్ల చొప్పున కొన్ని నెలలు వాడతారు. ఇవేవీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు, డాక్టరు చూసి రాయాలి. ఖర్చు తక్కువ, పని మానక్కర్లేదు. ఆపేస్తే మళ్లీ మొదటికి రావచ్చు, అదీ ఉంది.

రెండో దారి, నా అంచనాలో మీలాంటివారికి మన దగ్గర చెప్పాల్సినంతగా చెప్పనిది, హార్మోన్ లూప్. కాపర్ టీ లాగే గర్భసంచిలో అమరుస్తారు, పది నిమిషాల పని. అది రోజూ కొద్దికొద్దిగా హార్మోన్‌ను లోపలి పొర మీదికే వదులుతుంది. పొర పలచబడి రక్తస్రావం కొన్ని నెలల్లో బాగా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. కనీసం అయిదేళ్లు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడి విసుగు తెప్పిస్తుంది, ఈ సంగతి ముందే చెప్పకపోతే చాలామంది భయపడి తీయించేసుకుంటారు. గడ్డ లోపలికి పొడుచుకొచ్చి ఉంటే లూప్ జారిపోవచ్చు. అందుకే యోని ద్వారా చేసే ఆ స్కానింగ్ ముఖ్యం అన్నాను. మన దేశంలో తయారయ్యేవి కూడా వచ్చాయి, ధరలో తేడా బాగా ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

మూడోది, గడ్డే కారణమని తేలితే గడ్డను మాత్రం తీయడం. లోపలికి పొడుచుకొచ్చినదైతే కడుపు కోయకుండా కింది నుంచే కెమెరాతో తీస్తారు. గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసే పద్ధతి కూడా ఉంది, పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది. మళ్లీ గడ్డలు రావని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

వీటితో కొన్ని నెలలు చూసినా రక్తం తగ్గకపోతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. బరువు ఎక్కువున్నా, షుగర్ ఉన్నా ముందే పంపొచ్చు. అందులో తేడా ఉంటేనో, మందులూ లూపూ పనిచేయకపోతేనో, గడ్డలు పెద్దవై ఇబ్బంది పెడుతుంటేనో గర్భసంచి తీయడం సరైన వైద్యమే. అప్పుడు చేయించుకున్నందుకు బాధపడాల్సిన పని లేదు. ఆ పరిస్థితే వస్తే మాత్రం మూడు సంగతులు ముందే తేల్చుకోండి. అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా, తీస్తే ఎందుకు? సంతకం పెట్టే కాగితంలో అది రాసి ఉందా? ఏ పద్ధతిలో చేస్తారు, యోని ద్వారానా, చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీనా, కడుపు కోసా? ట్యూబులు తీసేస్తామంటే ఒప్పుకోవచ్చు, దానివల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. 34 ఏళ్లకు ఆరోగ్యంగా ఉన్న అండాశయాల్ని "పనిలో పనిగా" తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఇంకోటి, అండాశయాలు ఉంచినా వాటికి అందే రక్తంలో కొంత గర్భసంచి పక్క నుంచే వస్తుంది కనుక, ఆపరేషన్ తర్వాత కొందరికి అవి కాస్త ముందుగానే పని మానేస్తాయి. తొందర లేకపోతే ఆగమనడానికి అదొక కారణం.

మిర్చి కోతల లెక్క కూడా సరిచూసుకోండి. ఏ పద్ధతిలో చేసినా ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులెత్తకూడదు, వంగి పనిచేయకూడదు. సంక్రాంతిలోపు ఆపరేషన్ అయితే సీజన్లో మంచి రోజులన్నీ మంచం మీదే పోతాయి. ఇటు కూలి పోతుంది, అటు 45 వేలకు మూడు రూపాయల వడ్డీ నెలకు 1,350. మందులతో, ఐరన్‌తో మొదలుపెడితే వచ్చే నెలసరికే తేడా తెలిసే అవకాశం ఉంది. సీజన్ అయ్యాక, ఒంట్లో రక్తం నిండాక, అప్పటికీ అవసరమైతే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

ఇది మీ ఒక్కరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో జరిగిన ఆ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు రావు కదా. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది, వాటిని మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. పేషెంటును తీసుకెళ్లినవారికి కొన్నిచోట్ల కమీషన్ ముడుతుందన్నది పల్లెల్లో తెలియనివారు లేరు. మీ ఆర్‌ఎంపీ గారు అలాంటివారని నేననడం లేదు, రాత్రీపగలూ పలికే మనిషి మీకు ఆయనే కావచ్చు. ఆయనతో తగువు పెట్టుకోనక్కర్లేదు. "ఇంకో డాక్టరుకు కూడా చూపించుకుని వస్తాం" అంటే చాలు, అది మీ హక్కు.

అత్తగారితో కూడా వాదించవద్దు. ఆమె మీకు మంచి జరగాలనే చెప్తున్నారు. "ముందు రక్తం పెరగాలట, తర్వాత చూద్దామన్నారు" అని చెప్పండి, అది అబద్ధమూ కాదు.

జిల్లా ఆస్పత్రిలో స్త్రీల విభాగం ఓపీకి నెలసరి ఆగిన రెండు మూడు రోజులకు వెళ్లండి. స్కానింగ్ ఫిల్ములు, రక్త పరీక్ష కాగితాలు, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు తీసుకెళ్లండి. ఈ నెల ఏ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చారో మీ అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించండి. అది చూస్తే డాక్టరుకు మీ మాటల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఈలోపు గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోయినా, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మి పడిపోతున్నట్టున్నా, కూర్చున్నా గుండె దడదడలాడుతున్నా ఓపీ రోజు దాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, ఏ వేళైనా సరే, రక్తం ఎక్కించే సదుపాయం ఉన్న ఆస్పత్రికి వెళ్లండి.